నిడువిల్లు ఎన్నుకొనుట

చీపురుపుల్లను వంచి, రెండు కొనలకు దారము బిగించి, ఇంకొక పుల్లను బాణముగా వదలని బాల్యము మన తెలుగునాట అరుదు. ఒంటిమిట్టలో వెలసిన స్వామిని మనము కోదండరాముడనియే పిలుచుకొందుము. ఇంతటి పరిచయమున్న వస్తువే అయినను, ఒక పెద్ద విల్లును డబ్బిచ్చి కొని దానితో నిజముగా బాణము వేయవలెనని ఇంటిలో ఎవరైన కోరినప్పుడు, ఏమి చూచి కొనవలెనో చెప్పగలవారు చేరువలో దొరకుట కష్టము. ఆ కష్టమును మేము స్వయముగా పడినవారము. కనుకనే నేటి ప్రసంగమునకు ఈ విషయమును ఎన్నుకొంటిమి.

విలువిద్యకు మన విజయవాడ నేడు పేరుగాంచిన ఊరు. 2023లో హాంగ్జౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో మూడు స్వర్ణపతకములు గెలిచిన వెన్నం జ్యోతి సురేఖ ఆ ఊరి బిడ్డయే. కాని ఆమె పట్టునది చక్రములు అమర్చిన కాంపౌండ్ విల్లు. ఒలింపిక్ క్రీడలలో ఇంతకాలము మనము చూచుచు వచ్చినది కొనలు ముందునకు తిరిగియుండు రికర్వ్ విల్లు. మేము చెప్పబోవునది ఈ రెండును కాదు. ఇంచుమించు మనిషియెత్తు ఉండి, నారి ఎక్కిడినప్పుడు ఆ నారి రెండు కొప్పులయొద్ద తప్ప మరెక్కడను వింటిబద్దను తాకని పాతకాలపు విల్లును గూర్చి. దానినే నిడువిల్లు అందుము. దీనికి గురి చూచు పరికరము లేదు. ఇంగ్లండు సంప్రదాయపు నిడువింటిలో బాణమును నిలుపుటకు చెక్కిన అర కూడ ఉండదు. విల్లు పట్టిన పిడికిలియే బాణమునకు పీట.

ముందుగా మా తెలివితక్కువను చెప్పుకొందుము. చాల ఏండ్ల క్రిందట చదువు నిమిత్తము ఇంగ్లండులో ఉన్న రోజులలో, ఒక పాతసామానుల దుకాణములో యూ వృక్షపు కఱ్ఱతో చేసిన నిడువిల్లు ఒకటి మా కంటబడినది. తేనెరంగు కఱ్ఱ, కొనలకు నల్లని కొమ్ముతో చేసిన కొప్పులు, పిడికిటి చోట అరిగిన తోలుపట్టీ. బద్దమీద ‘60, 28’ అని సిరాతో వ్రాసియున్నది. ఆ అంకెల అర్థమేమని మేము అడుగలేదు. దుకాణదారుడును చెప్పలేదు. రెండునెలల భోజనపు డబ్బు పోసి దానిని కొంటిమి. మూడు వారములు పంతముగా లాగితిమి. నాలుగవ వారమున కుడిభుజములో ఏదో కలుక్కుమన్నది. ఆపైన ఆరునెలలపాటు ఆ చేతితో తల దువ్వుకొనలేకపోతిమి. వైద్యునియొద్దనుండి వచ్చిన తరువాత గాని విలుకాండ్ర సంఘమొకదానికి పోలేదు. అక్కడి పెద్దాయన మా విల్లును చేతిలోనికి తీసికొని, నెమ్మదిగా త్రిప్పి చూచి, చాల మంచి విల్లని మెచ్చుకొని, గోడకు ఆనించి, దానికి బదులు 30 పౌనుల విల్లు మా చేతిలో పెట్టెను. ఆ దినమున మాకు కలిగిన సిగ్గు ఇంతంత కాదు.

ఆ సిరా అంకెలలోనే ఉన్నది విషయమంతయు. మొదటి అంకె వింటి తూకము కాదు. నారిని లాగి పట్టుకొనుటకు వ్రేళ్లమీద పడు భారము, పౌనులలో. దీనిని లాగుడు బరువు అందము. రెండవ అంకె ఆ బరువును ఎంత లాగినప్పుడు కొలిచిరో తెలుపును. కనుక ‘60, 28’ అనగా బాణమును 28 అంగుళములు లాగినప్పుడు 60 పౌనుల భారము, అనగా 27 కిలోలకు పైగా, మూడు వ్రేళ్లమీద వ్రేలాడునన్నమాట. బావినుండి నిండు బిందెను రెండు చేతులతో చేదుట వేరు. ఒక చేయి చాచి, రెండవ చేతి మూడు వ్రేళ్లతో అంతకుమించిన బరువును దవడవరకు లాగి, కదలక నిలిపి, పైగా గురి చూచుట వేరు. ఈ పని చేయునవి చేతికండరములు కావు. వీపున రెండు రెక్కల నడుమనుండు కండరములు. దినచర్యలో మనము వానికి చెప్పుకొనదగిన పని ఏదియు ఈయము. అందువలననే బస్తాలు మోయగల దృఢకాయుడు సైతము మొదటి దినమున వింటియెదుట వణకుచుండును.

ఇంగ్లండు చరిత్ర చదివినవారు ఇక్కడ ఒక ప్రశ్న వేయవచ్చును. 1346లో క్రెసీయొద్దను, 1415లో ఏజిన్‌కోర్టుయొద్దను ఫ్రెంచి అశ్వికుల నడచిన విలుకాండ్రు ఇంకను బలమైన విండ్లు లాగలేదా అని. లాగిరి. ఎనిమిదవ హెన్రీ రాజుగారి ‘మేరీ రోజ్’ అను యుద్ధనౌక 1545లో ఇంగ్లండు దక్షిణతీరమున మునిగిపోయి, 1982లో పైకి తేబడినది. అందులో 137 నిడువిండ్లు చెక్కుచెదరక దొరకినవి. 3,500కు పైగా బాణములు దొరకినవి. ఆ విండ్లు సగటున ఆరున్నర అడుగుల పొడవున్నవి. వాని లాగుడు బరువు 100 పౌనులనుండి 185 పౌనులవరకు ఉండెనని నిపుణులు లెక్కగట్టిరి. కాని ఆ నౌకలోనే దొరకిన నావికుల అస్థిపంజరములను కూడ పరీక్షించిరి. భుజముకొనయందలి ఎముకభాగము యౌవనములో మిగిలిన ఎముకతో అతుకుకొనవలసియుండగా, అతుకుకొనకుండ విడిగా మిగిలిపోయినవారు వారిలో సాధారణముగా ఉండవలసినదానికంటె ఎక్కువగా కనబడిరి. ఎముక ముదురకముందునుండి బలమైన విండ్లు లాగుటయే దీనికి కారణము కావచ్చునని పరిశోధకుల ఊహ. ఆ వీరులు తమ విలువిద్యకు చెల్లించిన వెల అది.

వారును ఒక్కనాటిలో అక్కడికి చేరలేదు. ఏడేండ్ల పిల్లవానికే తండ్రి విల్లును బాణములను సమకూర్పవలెనని ఆ దేశమున చట్టమే ఉండెను. లాటిమర్ అను మతాచార్యుడు 1549లో రాజసన్నిధిని చేసిన ఉపన్యాసములో తన చిన్ననాటి ముచ్చట చెప్పెను. వయస్సునకును బలమునకును తగినట్లు తండ్రి తనకు విండ్లు కొనిపెట్టెననియు, తాను పెరిగినకొలది అవియు పెరుగుచు వచ్చెననియు. నాలుగున్నర శతాబ్దములకు పైగా గడచినను నిడువిల్లు కొనువారికి ఇంతకు మించిన సలహాను మేము వినలేదు. మేము చెప్పునదంతయు దానికి వ్యాఖ్యానమే అనుకొనుడు.

అయిన ఎంత బరువు తగును? ఎదిగిన మగవానికి తొలివిల్లు 30 మొదలు 35 పౌనులు చాలును. స్త్రీలకు 25 పౌనుల యొద్ద మొదలిడుట సుఖము. పదునాలుగేండ్లలోపు పిల్లలకు 15 మొదలు 20. ఇవి తక్కువని తోచినవారు ఈ పరీక్ష చేయవచ్చును. విల్లును గురివైపునకు చాచి, ఆకాశమువైపు ఎత్తకయే, నడుము వంచకయే, నారిని దవడవరకు తిన్నగా లాగవలెను. అయిదు అంకెలు లెక్కించువరకు పట్టి, లాగినంత మెల్లగా తిరిగి దింపవలెను. ఇట్లు పదిమార్లు చేసిన తరువాత భుజము చెవివైపునకు లేవనిచో, వింటిచేయి వణకనిచో, ఆ విల్లు మీది. లాగునప్పుడు విల్లు దానంతట అది ఆకాశమువైపునకు పోయెనా, అది మరియొకరి విల్లు. ఈ పరీక్ష చేయనీయని దుకాణమున కొనకుండుటయే మేలు. తపాలాలో తెప్పించువారు ముందుగా ఎవరియొద్దనైన ఇట్టి బరువున్న వింటిని లాగి చూచుకొనవలెను.

రెండవ అంకెను గూర్చియు తెలిసికొనవలెను. ఏలయన మనలో చాలమందికి లాగు నిడివి 28 అంగుళములు ఉండదు. రెండుచేతులను బారజాపి, ఒక నడిమివ్రేలి కొననుండి రెండవ నడిమివ్రేలి కొనవరకు కొలిచి, ఆ అంగుళములను రెండున్నరతో భాగించినచో లాగు నిడివి ఇంచుమించుగా తెలియును. మా బార 65 అంగుళములు. భాగింపగా 26 వచ్చినది. అనగా 28 అంగుళములయొద్ద 40 పౌనులని వ్రాసిన విల్లు మా చేతిలో 36 పౌనులు మాత్రమే. ఇంచుమించు అంగుళమునకు రెండు పౌనుల చొప్పున తరుగును. అట్లే పొడుగుచేతులవారు 28 అంగుళములకు మించి లాగినచో బరువు పెరుగును. బరువు పెరుగుట ఒకయెత్తు, కఱ్ఱ ఓర్వగలిగిన హద్దు దాటుట ఒకయెత్తు. జనకుని కొలువులో విల్లు విరిగినందున కళ్యాణము జరిగినది. మన పెరటిలో విరిగిన విల్లు కంటికి తగులును. కనుక విల్లు చేసినవానిని ఇది ఎన్ని అంగుళములవరకు లాగవచ్చునని అడిగి, వ్రాయించుకొని, దానికి ఒక్క అంగుళము లోపలనే ఆగుట క్షేమము.

పొడవు మాట. విల్లు ఎంత నిడుపైన అంత హాయి అని స్థూలముగా చెప్పవచ్చును. ఒకే లాగుడుకు నిడుపాటి బద్ద తక్కువగా వంగును, కఱ్ఱ తక్కువగా శ్రమపడును. నారి కోణము కూడ వెడల్పుగా ఉండుటచే వ్రేళ్లను నొక్కదు. పొట్టిబద్ద కొంత చురుకుగా బాణమును విసరునుగాని, క్రొత్తవానిచేతిలో ఆ చురుకు వలన కలుగు లాభము తక్కువ. 26 అంగుళములు లాగువారికి అయిదున్నర అడుగులకు తగ్గని విల్లును, 28 లాగువారికి ఆరు అడుగుల విల్లును చూచుకొనవలెను.

ఈ నిడుపాటి వింటిని కేవలము ఇంగ్లండు సొత్తనుకొనుట పొరపాటు. 1991లో ఆల్ప్స్ పర్వతముల మంచులో దొరకిన, 5,000 ఏండ్లకు పూర్వపు మానవుని ప్రక్కను ఆరడుగుల యూ విల్లు ఉండెను. అది ఇంకను చెక్కుట పూర్తికాని విల్లు. మన దేశపు పదాతుల విల్లు పట్టినవాని యెత్తు ఉండెడిదనియు, దాని కొనను నేలకు ఆనించి ఎడమకాలితో అదిమిపట్టి లాగెడివారనియు, అలెగ్జాండరు నౌకాధిపతి నియర్కస్ చెప్పిన మాటను గ్రీకు రచయిత అరియన్ మనకు అందించెను. కౌటిల్యుని అర్థశాస్త్రము తాటికఱ్ఱతోను, వెదురుతోను, ఇతర దారువులతోను, కొమ్ముతోను చేసిన విండ్లను వేరువేరు పేర్లతో చెప్పినది. నారికి చాగ, జిల్లేడు, జనుము, వెదురు, నరములు మొదలగువానిని పేర్కొన్నది. మన కవులు నారిని మౌర్వి అనుటకు మూలము ఆ చాగయే. దాని సంస్కృతనామము మూర్వ. మన ఏజెన్సీ కొండలలోను నల్లమలలోను వెదురు విల్లు నిన్నమొన్నటివరకు ఇంటి పనిముట్టు. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట నడచిన మన్యపు వీరులలో పలువురి ఆయుధము విల్లంబులే.

ఇక కఱ్ఱ సంగతి. ఇందులో కొనువాడు మోసపోవుటకు అవకాశము ఎక్కువ గనుక కొంచెము నిదానింతము.

ఏ బద్దనైన వంచినప్పుడు వెలుపలి ముఖము, అనగా గురివైపు ఉండునది, సాగును. లోపలి ముఖము, అనగా విలుకానివైపు ఉండునది, నలిగి కుదించుకొనును. సాగుటకు ఓర్చునది వెలుపలను, నలుగుటకు ఓర్చునది లోపలను ఉన్నప్పుడే అది మంచి విల్లు. యూ వృక్షమున బెరడుక్రింది తెల్లని లేతకఱ్ఱ సాగుటకు ఓర్చును. దాని లోపలి ఎఱ్ఱని చేవ నలుగుటకు ఓర్చును. రెండింటిని కలిపి ఒకే దుంగనుండి చెక్కినచో ప్రకృతియే అతికి యిచ్చిన విల్లు సిద్ధము. అందుకే ఇంగ్లీషువారు దానికై అంత ప్రాకులాడిరి. తమ రేవునకు వచ్చు నౌకలు సరకు పరిమాణమును బట్టి ఒక్కొక్క టన్నుకు నాలుగు వింటికఱ్ఱలు వెంట తేవలెనని 1472లో చట్టమే చేసికొనిరి.

వెదురులోను ఇట్టి మర్మమే ఉన్నది. వెదురుపేళ్ల నారలు పైపెంకు దగ్గర దట్టముగాను, లోపలికి పోయినకొలది పలుచగాను ఉండును. ఆ పెంకే సాగుటకు ఓర్చు ముఖము. కావడిబద్దను చూచినవారికి ఇది చెప్పనక్కరలేదు. రెండువైపుల బరువు వ్రేలాడుచుండగా బద్ద ఎట్లు సమముగా ఊగునో, పెంకు ఎట్లు చెదరక నిలుచునో కన్నులార చూచియుందురు. కావడి చేయు మేదరి పెంకును కత్తితో గీకడు. విల్లు చేయువాడును గీకరాదు. వెలుపలి పెంకుమీద నునుపుకొరకు చిత్రికపట్టిన వెదురువిల్లు ఎంత అందముగా ఉన్నను కొనవలదు. కఱ్ఱవిండ్లకును ఇదే న్యాయము. వెలిముఖమున కఱ్ఱపోగులు ఒక కొప్పునుండి రెండవ కొప్పువరకు తెగక సాగవలెను. మధ్యలో పోగు అంచుకు వచ్చి తెగిపోయినచోట, ఒకనాడు చీలిక లేచును.

మన వాతావరణమునకు ఏది తగును? యూ కఱ్ఱ మంచు దేశపు బిడ్డ. వేసవివేడిలో దాని చురుకు తగ్గునని అనుభవజ్ఞులు ఎన్నడో వ్రాసిపెట్టిరి. మాకును అట్లే అనుభవమైనది. మా విల్లు కాకినాడకు వచ్చిన తరువాత సముద్రపుగాలికి, ఎండకు, ముదుసలివలె ఒకవైపు ఒదిగిపోయినది. హికరీ అను అమెరికా కఱ్ఱ విరుగుట అరుదు. వెల కూడ తక్కువ. కాని గాలిలోని తేమను త్రాగి మెత్తబడును. అనంతపురమున దానికి సుఖము, మచిలీపట్టణమున దుఃఖము. ఓసేజ్ అను పసుపుకఱ్ఱ అన్నిటికి ఓర్చునుగాని బరువైనది, వెల హెచ్చు. నేడు చాలమంది చేయించుకొనునది వెలుపల వెదురుపొర, లోపల గట్టి దారువు జిగురుతో అతికిన విల్లు. తేమకు భయపడువారు, విల్లును సాకుటకు తీరిక లేనివారు, పైక్రింద ఫైబర్‌గ్లాసుపొర అతికిన అమెరికా పద్ధతి నిడువిల్లు కొనుట తప్పుకాదు. దానిని నిజమైన నిడువిల్లుగా అంగీకరింపని ఛాందసులు ఉన్నారు. వారి మాట వారిది. ఇంటిలోని పిల్లవానికి విల్లు సంవత్సరమంతయు ఒకేతీరున పనిచేయుట ముఖ్యము. పోటీలలో దిగదలచినవారు మాత్రము ముందుగా నిబంధనలు చూచుకొనవలెను. మన జాతీయ పోటీలలో వెదురు, కఱ్ఱ విండ్లకు ‘ఇండియన్ రౌండ్’ అను ప్రత్యేక విభాగము కలదు. పొరలు అతికిన విదేశీ విల్లు అక్కడ పనికిరాకపోవచ్చును.

కొనుటకు పోయినప్పుడు విల్లును మొదట ఎక్కిడక ముందు చూడుడు. నేలమీద పరచి చూచిన చాలు. కఱ్ఱవిల్లు కొద్దిగా నారివైపునకు వంగియుండుట తప్పుకాదు. రెండంగుళములు మించి వంగియున్నచో అది అలసిన విల్లు. తరువాత నారి ఎక్కిడి, ఒక కొప్పునుండి కన్నుపెట్టి చూచినచో నారి పిడికిటి చోటును నడిమికి కోయుచున్నట్లు కనబడవలెను. ఒకప్రక్కకు ఒరిగినచో బద్ద మెలిదిరిగినదన్నమాట. ఎక్కిడిన నారికిని పిడికిటి చోటుకును నడుమ, పిడికిలి బిగించి బొటనవ్రేలు నిలిపినంత ఎడము ఉండవలెను. తరువాత దుకాణదారునిచేత లాగించి, మీరు దూరమున నిలిచి చూడుడు. పైబద్ద, క్రిందిబద్ద చంద్రవంకవలె వంగవలెను. ఒకచోట మడతపడినట్లు వంగి, మిగిలినచోట బిగుసుకొని ఉండరాదు. చివరకు దీపముక్రింద లోముఖమును పట్టి చూడుడు. వెండ్రుకంత సన్నని అడ్డగీతలు కనబడినచో అక్కడ కఱ్ఱ నలిగి చితికినదని అర్థము. పాత విండ్లలో ఇది తరచు. మా అరవై పౌనుల వింటికి పిడికిటికి పైన జానెడు దూరమున మూడు గీతలు ఉండెను. మెరుగునూనె పూసియుండుటచే మాకు ఆనాడు కనబడలేదు.

ఏ కంటితో చూతురో కూడ ఒకమారు పరీక్షించుకొనుడు. రెండుకన్నులు తెరచి దూరపు వస్తువును వ్రేలితో చూపి, ఒక్కొక్క కన్ను మూయుడు. ఏ కన్ను మూసినప్పుడు వ్రేలు ప్రక్కకు జరిగినట్లు కనబడునో అదియే మీ ప్రధాననేత్రము. అది కుడికన్నైన నారిని కుడిచేత, ఎడమకన్నైన ఎడమచేత లాగుట అలవరచుకొనుట సులువు.

బాణములను గూర్చి విల్లంత శ్రద్ధ చూపవలెను. చాలమంది చూపరు. నిడువింటిలో బాణము నడుమనుండి పోదు, బద్ద ప్రక్కనుండి పోవును. నారి విడిచిన క్షణమున బాణము చేపవలె ఇటునటు వంగుచు, బద్దను ఒరసికొనక చుట్టి, ముందునకు పోవును. అతివేగపు చలనచిత్రములు తీసిన తరువాత గాని ఈ సంగతి కంటికి కనబడలేదు. కనుక బాణపు బిగువు వింటి బరువునకు సరిపోవలెను. మరీ బిగువైనది ఒకవైపునకు, మరీ మెత్తనిది ఇంకొకవైపునకు తప్పిపోవును. విలుకాడు తన చేతిని నిందించుకొనుచుండును. విల్లు కొన్నచోటనే, మీ లాగు నిడివిని, వింటి బరువును చెప్పి, ఒకే బిగువుగల ఆరు బాణములు తెచ్చుకొనుడు. తూకము కూడ చూడవలెను. వింటిబరువు పౌను ఒక్కింటికి పది గ్రెయినులైన మంచిది. అనగా 40 పౌనుల వింటికి 400 గ్రెయినుల బాణము, మన లెక్కలో రెండు తులములకు కొంచెము పైన. మరీ తేలికైన బాణము వింటి శక్తిని మోసికొనిపోలేదు. మిగిలిన శక్తి బద్దనే తాకును. బాణమే లేకుండ నారిని లాగి విడుచుట ఈ తప్పునకు పరాకాష్ఠ. ఇంటికి వచ్చిన బంధువులు చేయు మొదటి పని అదే! విల్లు చూడవచ్చిన వారిచేతికి ఇచ్చుటకు ముందే ఈ మాట చెప్పుడు.

నారికి డాక్రాన్ దారము మంచిది. కొద్దిగా సాగి, దెబ్బను మ్రింగికొనును. ఏమాత్రము సాగని నేటి క్రొత్త దారములు కఱ్ఱ కొప్పులను చీల్చును. దూదేకుల విల్లు మ్రోగినట్లు మీ విల్లు మ్రోగుచున్నచో నారికిని బద్దకును నడుమ ఎడము తక్కువైనదేమో చూచుకొనుడు. ముంజేతికి తోలుపట్టీ, లాగు వ్రేళ్లకు తోలుతొడుగు విల్లుతోపాటే కొనవలెను. నారిదెబ్బ తగులకుండ చేతికి కట్టు తోలునకు అమరకోశమున గోధ అను పేరే ఉన్నది. పూర్వులకును ముంజేయి వాచినదన్నమాట.

వాడుక అయినవెంటనే నారి దింపవలెను. విల్లును మూలకు నిలబెట్టరాదు. క్రిందిబద్ద మెలిదిరుగును. రెండు మేకులమీద అడ్డముగా ఉంచవలెను. వంటింటి పొగగోడకును, ఎండపడు కిటికీకిని దూరము. మూసిన కారులో మధ్యాహ్నమంతయు వదలిన జిగురువిల్లు పొరలు విడిపోవును. బాణము వేయుచోట గురివెనుక ఇల్లుగాని బాటగాని ఉండరాదని చెప్పనక్కరలేదు. కాని మేడమీద వేయుదుమను పట్టణవాసులు ఉన్నారు గనుక చెప్పుచున్నాము.

మా ఇంటి గోడమీద ఆ యూ విల్లు ఇప్పటికిని ఉన్నది. నారి లేదు. రెండేండ్ల క్రిందట మా అక్కగారి మనుమడు, పదమూడేండ్లవాడు, సెలవులకు వచ్చి దానిక్రిందనే నిలబడి, “తాతగారూ, ఇది నాకిస్తారా?” అని అడిగెను. ఈయలేదు. వాని బార కొలిచితిమి. 62 అంగుళములు. లాగు నిడివి 25కు కొంచెము లోపల. వానికి వెదురుపొర వేసిన చిన్న విల్లు తెప్పించితిమి. 20 అని వ్రాసియుండినను వాని చేతిలో 17 పౌనులకు మించదు. వాడు మొదట ముఖము చిట్లించెను. పదిహేను అడుగుల దూరమున గడ్డిబస్తాకు ఆరు బాణములు గ్రుచ్చిన దినమున చిట్లింపు పోయినది. మొన్న వేసవిలో మరల వచ్చినప్పుడు 30 పౌనుల విల్లు ఎరువు తెచ్చి లాగించి చూచితిమి. అయిదుమార్లు బాగుగానే లాగెను. ఆరవమారు కుడిభుజము చెవివైపునకు లేచినది. విల్లు చేతిలోనుండి తీసికొని, సంక్రాంతికి మరల చూతమంటిమి.